ఊరు దాటిన బీరు

బీరును ఊరి పేరుతో పిలవడం ఐరోపాలో పాత అలవాటు. పిల్సెన్, మ్యూనిక్, వియన్నా, కొలోన్, బర్టన్ వంటి పట్టణాల పేర్లు ఒక్కొక్క రకం బీరుకు గుర్తులుగా స్థిరపడి, ఆ పట్టణాలను ఎన్నడూ చూడని దేశాల్లో కూడా సీసాల మీద అచ్చవుతున్నాయి. వేర్వేరు ప్రాంతాల చిన్న బ్రూవరీలు కొద్ది మోతాదుల్లో తయారుచేసే బీర్లను ఇప్పుడు క్రాఫ్ట్ బీర్లని వ్యవహరిస్తున్నారు; వాటిని నాలుగైదు చిన్న గ్లాసుల్లో వరసగా పెట్టుకుని రంగు, వాసన, చేదు, చిక్కదనం పోల్చి చూడడం గత యాభై ఏళ్ళలో ఒక విద్యగా ఎదిగింది. ప్రాంతాల ప్రత్యేకతను గుర్తించి గౌరవించడానికే ఈ పోలిక పుట్టిందని చాలామంది అనుకుంటారు గాని, చరిత్ర ఆ మాటను పూర్తిగా సమర్థించదు. ఏ ఊరి బీరు ఆ ఊళ్ళోనే ఖర్చయినంతకాలం దాన్ని మరొకదానితో పోల్చవలసిన అవసరం ఎవరికీ కలగలేదు. బీరు ఊరు దాటి అంగడిలో ఎదురుపడినప్పుడే పోలిక మొదలైంది. పోలిక పదునెక్కిన కొద్దీ ఊరికీ రుచికీ మధ్య ఉన్న ముడి సడలిపోయింది.

బీరుకు మూలద్రవ్యాలు నాలుగే. బార్లీ గింజలను నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టగా వచ్చేది మాల్టు. మాల్టు పిండిని వేడినీటిలో నానబెట్టినప్పుడు అందులోని పిండిపదార్థం చక్కెరగా మారి తియ్యని ద్రవం దిగుతుంది. దీనిని వోర్టు అంటారు. ఆ వోర్టును హాప్స్ అనే తీగమొక్క ఆడపూలతో కలిపి మరిగిస్తే చేదు, సువాసన పట్టడమే కాక బీరు తొందరగా చెడిపోకుండా ఉంటుంది. చివరగా ఈస్టు అనే సూక్ష్మజీవి చక్కెరను తిని ఆల్కహాలును, బొగ్గుపులుసు వాయువును విడుదల చేస్తుంది. ఈ నాలుగింటిలో నీరే ఎక్కువ భాగం, నీటినే పూర్వం ఎవరూ మార్చలేకపోయేవారు. మాల్టును బండి మీద తెప్పించుకోవచ్చు, హాప్స్‌ను మూటగట్టి ఓడలో పంపవచ్చు. బావిని మాత్రం కదిలించడం సాధ్యం కాదు. కాబట్టి ప్రాంతీయ రుచి చరిత్ర బావుల దగ్గరే మొదలవుతుంది.

ఇంగ్లండు నడిబొడ్డున ట్రెంట్ నది ఒడ్డునున్న బర్టన్ పట్టణంలో బావి నీరు జిప్సం పొరల గుండా ఊరి వస్తుంది. అందులో సల్ఫేటు లీటరుకు ఐదారు వందల మిల్లీగ్రాములు దాటుతుంది. ఇటువంటి నీటిలో హాప్స్ చేదు పొడిగా, స్పష్టంగా నాలుకకు తగులుతుంది, బీరు తేటగా దిగుతుంది. బొహీమియాలోని పిల్సెన్ నీటిలో సల్ఫేటు పదికి లోపే. ఖనిజాలు దాదాపు లేని ఆ మెత్తని నీటిలో అదే మోతాదు హాప్స్ వేసినా చేదు గుండ్రంగా, నెమ్మదిగా తోస్తుంది. లండన్, డబ్లిన్ నగరాల నీటిలో కార్బొనేటులు ఎక్కువ కావడంతో నానబెట్టిన మాల్టులో ఆమ్లత్వం తగినంతగా ఏర్పడక, లేత రంగు బీరు మొరటుగా వచ్చేది. బాగా వేయించిన నల్లని మాల్టులో సహజంగా ఉండే ఆమ్లగుణం ఆ లోటును సరిదిద్దడంతో, ఆ నగరాలు నల్లని పోర్టరుకు, స్టౌటుకు ప్రసిద్ధికెక్కాయి. ఈ రసాయన కారణాలను పందొమ్మిదో శతాబ్దం చివరిదాకా ఎవరూ వివరించలేదు. బ్రూవర్లకు తెలిసినదల్లా ఒక్కటే: ఈ ఊళ్ళో ఈ రకం కుదురుతుంది, ఆ రకం కుదరదు.

నీటి తరవాత చెప్పుకోవలసింది మాల్టు ఆరబెట్టే బట్టీ. కట్టెల మంట మీద నేరుగా ఆరబెట్టినంతకాలం మాల్టుకు పొగవాసన తప్పేది కాదు. పాతకాలపు బీర్లు చాలావరకు గోధుమవన్నెలో, ఎంతో కొంత పొగచూరి ఉండేవని భావించడానికి తగిన కారణాలున్నాయి. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండు బొగ్గును కోకుగా మార్చి పొగలేని వేడిని సాధించాక లేత రంగు మాల్టు సాధ్యపడింది. జర్మనీలోని బాంబెర్గ్ పట్టణంలో ష్లెంకెర్లా, స్పెజియల్ అనే రెండు బ్రూవరీలు మాత్రం బీచ్ కట్టెల పొగలో మాల్టును తామే ఆరబెట్టుకునే పద్ధతిని నేటికీ వదలలేదు. మొదటి గుక్కలో ఈ బీరు ఎండబెట్టి పొగపట్టిన మాంసాన్ని తలపిస్తుంది. దీన్ని కొత్తవారు వింతగా చూస్తారు గాని, నిజానికి వింత అయినది మిగతా లోకమే. బాంబెర్గ్ ఒకప్పటి సాధారణ రుచిని నిలుపుకుంది, అంతే.

ప్రాంతీయ రుచులను చట్టం కూడా మలిచింది. 1516 ఏప్రిల్ 23న ఇంగోల్‌స్టాట్‌లో బవేరియా పాలకులు నాలుగో విల్‌హెల్మ్, పదో లుడ్విగ్ ప్రకటించిన శాసనం బీరులో బార్లీ, హాప్స్, నీరు తప్ప మరేమీ వాడరాదని నిర్దేశించింది. ఈస్టు ప్రస్తావన అందులో లేదు, ఎందుకంటే అది ఏమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. ఇదే శాసనం నేడు బీరు శుద్ధతకు తొలి ప్రమాణంగా కీర్తి పొందుతున్నది. మూలపాఠంలో ఎక్కువ భాగం మాత్రం ధరలను గురించినదే, గోధుమను రొట్టెలవారికి మిగల్చడం దాని ఉద్దేశాల్లో ఒకటి. 1553లో మరొక ఉత్తర్వు ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబరు 29 వరకు బీరు తయారీని నిషేధించడంతో, బవేరియా బ్రూవర్లు చలికాలంలో తయారుచేసిన బీరును చల్లని గుహల్లో వేసవి దాటేదాకా నిల్వ ఉంచడం నేర్చారు. చలిలో నెమ్మదిగా పనిచేసి పాత్ర అడుగున చేరే ఈస్టు అక్కడ స్థిరపడింది. ఇలా నిల్వ చేసిన బీరే లాగర్. వెచ్చని వాతావరణంలో ఈస్టు పైకి తేలి పులిసేది ఏల్. గోధుమ బీరు తయారుచేసే హక్కును 1602 నుంచి బవేరియా రాజవంశం తన గుప్పిట్లో పెట్టుకుంది, ఆ బీరు తిరిగి సామాన్య వ్యాపారుల చేతికి రావడానికి 1872లో గేయోర్గ్ ష్నైడర్ ఆ హక్కును పొందేదాకా ఆగవలసి వచ్చింది. అరటిపండు, లవంగం వాసనలు వేసే నేటి బవేరియా గోధుమ బీరుకు ఆధారం ఆ ప్రాంతపు ఈస్టే అయినా, అది బతికి బట్టకట్టడానికి మాత్రం రాజుగారి ఖజానా కారణం.

ఈ ప్రాంతీయ బీర్లు ఒకదాని పక్కన ఒకటి నిలబడవలసి వచ్చిన తొలి పెద్ద అంగళ్ళలో భారతదేశం ఒకటి. ఈ కథలో తెలుగు పాఠకులకు నేరుగా సంబంధించిన భాగం ఇదే. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో లండన్ తూర్పు అంచున బో అనే చోట జార్జ్ హాడ్జ్‌సన్ నడిపిన బ్రూవరీ, ఈస్టిండియా కంపెనీ ఓడలు లంగరు వేసే బ్లాక్‌వాల్ రేవుకు దగ్గరలో ఉండేది. ఓడల కెప్టెన్లు తమ సొంత వ్యాపారంగా తీసుకుపోయే సరుకులో ఆయన లేత రంగు ఏల్ ఒకటి; పద్దెనిమిది నెలల అరువు ఇవ్వడంతో వారు ఆయన దగ్గరే కొనేవారు. మద్రాసు, కలకత్తా, బొంబాయి రేవుల్లో దిగిన ఈ పీపాలు అక్కడినుంచి లోపలి కంటోన్మెంట్లకు చేరేవి. మామూలు సిపాయిలకు అందేది ఎక్కువగా పోర్టరే. ఖరీదైన పేల్ ఏల్‌ను తాగింది అధికారులు, దొరలు.

ఎక్కువ హాప్స్, ఎక్కువ ఆల్కహాలు వేసి సముద్రప్రయాణానికి తట్టుకునేలా హాడ్జ్‌సన్ ప్రత్యేకంగా ఒక బీరును కనిపెట్టాడన్న కథ నేటికీ సీసాల మీద కనిపిస్తూనే ఉంది. బీరు చరిత్రకారుడు మార్టిన్ కార్నెల్ పాత ప్రకటనలను, పత్రికలను గాలించి ఈ కథకు ఆధారం లేదని తేల్చాడు. అప్పటికే ఇంగ్లండులో ఉన్న నిల్వ పేల్ ఏల్ రకమే ఓడెక్కింది. తక్కువ హాప్స్ ఉన్న పోర్టరు కూడా అవే ఓడల్లో అంతే క్షేమంగా చేరేది. భూమధ్యరేఖను రెండుసార్లు దాటే నెలల ప్రయాణంలో పీపాలు ఊగుతూ, వేడెక్కుతూ రావడంతో, నేలమాళిగలో ఏళ్ళ తరబడి పట్టే పక్వం కొన్ని నెలల్లోనే పట్టేదన్నది మాత్రం నమ్మదగిన మాట. రుచిని మార్చింది తయారీ రహస్యం కాదు, ప్రయాణం.

పోలిక వ్యాపారమైన ఘట్టం 1822లో వచ్చింది. బర్టన్ బ్రూవర్లు అప్పటిదాకా తియ్యని, ముదురు రంగు ఏల్‌ను బాల్టిక్ రేవులకు, రష్యాకు పంపి బతికేవారు. ఆ ఏడు రష్యా సుంకం పెంచి వారి బేరానికి గండికొట్టింది. ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లలో ఒకడైన క్యాంప్‌బెల్ మార్జరీబ్యాంక్స్ హాడ్జ్‌సన్ బీరు నమూనాను బర్టన్ బ్రూవరు శామ్యూల్ ఆల్‌సప్ ముందు పెట్టి, ఇటువంటిది చేయగలవా అని అడిగాడని, ఆల్‌సప్ దగ్గర పనిచేసే జాబ్ గుడ్‌హెడ్ తేనీటి పాత్రలో తొలి మచ్చు కాచి చూపాడని చెప్పుకుంటారు. తేనీటి పాత్ర ముచ్చట ఎంతవరకు నిజమో గాని, ఫలితం నిజం: బర్టన్ జిప్సం నీటిలో ఆ బీరు లండన్ బీరు కంటే మెరుగ్గా కుదిరింది. ఒక ఊరి బీరును మరొక ఊరి నీటిలో తిరిగి చేయడం, రెండింటినీ పక్కపక్కన పెట్టి కొనేవాడు తీర్పు చెప్పడం అనే క్రమం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. కెప్టెన్లకు అరువు నిరాకరించి, తానే ఓడలకెక్కించి లాభమంతా మిగుల్చుకోవాలని చూసిన హాడ్జ్‌సన్ సంస్థ వారిని దూరం చేసుకుంది. ఆల్‌సప్, బాస్ సంస్థలు ఆ ఖాళీలోకి వచ్చాయి. 1777లో మొదలైన బాస్ సంస్థ ఎర్ర త్రిభుజం, 1876 జనవరి 1న బ్రిటన్‌లో నమోదైన మొట్టమొదటి వాణిజ్య చిహ్నం. రెండేళ్ళకు, 1878లో, రసాయనవేత్త సి. డబ్ల్యు. విన్సెంట్ నీటికి జిప్సం కలిపి ఎక్కడైనా బర్టన్ నీటిని తయారుచేసుకోవచ్చని చూపాడు. బావిని కదిలించే మార్గం దొరికింది. ప్రాంతీయ రుచికి తొలి దెబ్బ తగిలింది అప్పుడే.

ఇదే కాలంలో మరొక రకం పోలిక రహస్యంగా సాగింది. మ్యూనిక్ స్పాటెన్ బ్రూవరీ వారసుడు గాబ్రియేల్ సెడ్ల్‌మయర్, వియన్నాకు చెందిన ఆంటోన్ డ్రెహర్ 1833లో బ్రిటన్‌లో పర్యటించి, లోపల డొల్లగా చేయించిన చేతికర్రలతో పీపాల్లోని నమూనాలను తస్కరించి, బసకు వెళ్ళి సాంద్రత కొలిచేవారు. ద్రవంలో ఎంత చక్కెర ఉందో చెప్పే శాకరోమీటరును ఇంగ్లండులో జాన్ రిచర్డ్‌సన్ 1784లోనే ప్రచారంలోకి తెచ్చాడు. దాని ధర్మమా అని దొంగతనం కూడా శాస్త్రీయంగా జరిగింది. 1841లో వీరిద్దరూ తమ తమ ఊళ్ళలో ఇంగ్లండు పద్ధతిలో ఆరబెట్టిన మాల్టుతో రాగివన్నె లాగర్లను విడుదల చేశారు.

పిల్సెన్‌లో జరిగినది ఈ అరువుల పరంపరకు పరాకాష్ఠ. 1838లో ఆ పట్టణ పౌరులు పాడైపోయిన బీరు 36 పీపాలను పురభవనం ఎదుట పారబోసి, బీరు తయారీ హక్కున్న ఇళ్ళవారంతా కలిసి సొంత బ్రూవరీ కట్టుకోవాలని తీర్మానించారు. బవేరియా నుంచి యోసెఫ్ గ్రోల్ అనే బ్రూవరును పిలిపించారు. ఆయన 1842 అక్టోబరు 5న మొదటి విడత కాచాడు. మాల్టు ఆరబెట్టే విధానం ఇంగ్లండుది, అడుగున చేరే ఈస్టు బవేరియాది, బార్లీ, సాత్స్ ప్రాంతపు హాప్స్ చెక్ నేలవి, మెత్తని నీరు పిల్సెన్ బావిది. ఈ నాలుగూ కలిసి, అంతకుముందు ఎవరూ చూడని బంగారు రంగు లాగర్ బయటికి వచ్చింది. ప్రాంతీయ బీర్లలో అన్నిటికంటే ప్రసిద్ధమైనది సగం అరువు తెచ్చుకున్నదేనన్న సంగతి, స్వచ్ఛమైన స్థానిక రుచి కోసం వెతికేవారు గుర్తుంచుకోదగినది. రైలు, గాజు గ్లాసులు దాని కీర్తిని మోసుకుపోయాయి. మట్టి కూజాల్లో కనిపించని రంగు గాజులో మెరిసింది. అర్ధశతాబ్దం గడిచేసరికి ఐరోపా అంతటా అనుకరణలు వెలిశాయి, పిల్సెన్ బ్రూవరీ తనదే అసలైన ఊట అని చెప్పే పేరును 1898లో నమోదు చేయించుకోవలసి వచ్చింది.

నీరు కదిలాక కదలవలసింది ఈస్టు. డెన్మార్క్‌లో కార్ల్స్‌బర్గ్ స్థాపకుడు జె. సి. యాకబ్‌సన్ 1845లో స్పాటెన్ ఈస్టును కోపెన్‌హాగెన్‌కు తెచ్చుకున్నాడు. ఆయన ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ 1883లో ఒక్క కణం నుంచి శుద్ధమైన ఈస్టును పెంచడం సాధించాడు. యాకబ్‌సన్ దాన్ని ఎవరికీ దాచకుండా ఇతర బ్రూవరీలకు ఉచితంగా పంచాడు. బీరు చెడిపోవడం తగ్గింది, ఒక బ్రూవరీకీ మరొకదానికీ ఉన్న తేడా కూడా తగ్గింది. లాగర్ ఈస్టు ఒక సంకరజాతి అని, దాని పూర్వీకుల్లో ఒకటి పటగోనియా అడవుల్లో ఉందని శాస్త్రవేత్తలు 2011లో కనుగొన్నారు. కార్ల్స్‌బర్గ్‌లోనే నీల్స్ హ్యెల్టె క్లాసెన్ 1904లో, ఇంగ్లండు నిల్వ బీర్లకు వాటి ప్రత్యేకమైన వాసన శుద్ధ ఈస్టు వల్ల కాక మరొక అడవి ఈస్టు వల్ల వస్తున్నదని చూపి, దానికి బ్రెటనోమైసీస్ అని పేరు పెట్టాడు. ఇంగ్లండు బ్రూవర్లు ఆ వాసనను వదిలించుకునే పనిలో పడ్డారు.

దాన్ని వదలనిది బ్రస్సెల్స్ చుట్టుపక్కల సెన్ నది లోయ. అక్కడి లాంబిక్ బీరుకు ఎవరూ ఈస్టు కలపరు. మరిగించిన వోర్టును వెడల్పయిన లోతులేని తొట్టిలో రాత్రంతా గాలికి విడిచిపెడతారు. గాలిలోని, కట్టడంలోని, పాత చెక్క పీపాల్లోని సూక్ష్మజీవులే పులియబెడతాయి. తాటిచెట్టు మీది లొట్టిలో కల్లు తనంత తాను పులవడం చూసినవారికి ఈ పద్ధతి వింతగా తోచదు, పోతుతాటి కల్లును, పండుతాటి కల్లును, ఈతకల్లును గుక్కలోనే వేరుచేయగల నాలుకలు తెలుగు పల్లెల్లో ఎప్పటినుంచో ఉన్నాయి. కల్లు పూటలో ముదిరిపోతుంది, లాంబిక్ ఏళ్ళ తరబడి పీపాలో ఉంటుంది, తేడా అంతే. వేసవి గాలిలో చెడు సూక్ష్మజీవులు ఎక్కువ కావడంతో లాంబిక్‌ను చలికాలపు నెలల్లోనే కాస్తారు. ఒకటి, రెండు, మూడేళ్ళ వయసున్న లాంబిక్‌లను కలిపి సీసాలో మళ్ళీ పులియనిస్తే గ్యోజ్ వస్తుంది. ఏ పీపా నుంచి ఎంత తీసుకోవాలో నిర్ణయించేది కేవలం నాలుక. అందువల్ల బీరు రుచి చూడడం అనే విద్య ఒక వృత్తిగా నిరంతరం నిలిచిన చోటు ఏదైనా ఉంటే అది ఈ లోయే అనడం అతిశయోక్తి కాదు. 1900లో మొదలైన కాంతియోన్ బ్రూవరీ బ్రస్సెల్స్ నగరంలోనే నేటికీ ఈ పని చేస్తున్నది.

ఇరవయ్యో శతాబ్దం ప్రాంతీయ బీర్లకు గడ్డుకాలం. కార్ల్ ఫాన్ లిండె శీతలయంత్రం వచ్చాక గుహలతో, చలికాలంతో పని లేకపోయింది. రెండు ప్రపంచ యుద్ధాలు ధాన్యాన్ని, రాగి పాత్రలను మింగాయి. పెద్ద సంస్థలు చిన్నవాటిని కొని మూసివేశాయి. 1873లో నాలుగు వేలకు పైగా బ్రూవరీలున్న అమెరికాలో, 1920 నుంచి 1933 దాకా సాగిన మద్యనిషేధం, ఆపై విలీనాలు కలిసి 1970ల చివరికి ఆ సంఖ్యను వందకు లోపుకు దించాయి. బెల్జియంలో హ్యూగార్డెన్ పట్టణపు తెల్లని గోధుమ బీరును చేసే చివరి బ్రూవరీ 1957లో మూతపడింది. పాలవ్యాపారి పియెర్ సెలిస్ 1966లో దాన్ని పునరుద్ధరించకపోయి ఉంటే, ధనియాలు, నారింజ తొక్క వేసే ఆ రుచి పుస్తకాలకే పరిమితమయ్యేది. భారతదేశంలో కథ వేరుగా నడిచినా గమ్యం అదే: చల్లదనం కోసం, ఊటనీటి కోసం కసౌలీ, మర్రీ వంటి కొండ ఊళ్ళలో పందొమ్మిదో శతాబ్దంలో వెలసిన బ్రూవరీలు క్రమంగా పెద్ద సంస్థలుగా మారాయి, దక్షిణాదిన ఐదు చిన్న బ్రూవరీలను కలిపి థామస్ లీష్‌మన్ 1915లో యునైటెడ్ బ్రూవరీస్‌ను ఏర్పాటు చేశాడు.

ఇక్కడ ఒక విచిత్రం గమనించాలి. బీర్ల మధ్య తేడాను కచ్చితంగా పట్టుకునే శాస్త్రం చిన్న బ్రూవరీల్లో కాక, తేడాలను తుడిచివేయడమే పనిగా పెట్టుకున్న పెద్ద కర్మాగారాల్లో పెరిగింది. డబ్లిన్ గిన్నెస్ బ్రూవరీ ఉద్యోగి విలియం గాసెట్, తక్కువ నమూనాలతో బార్లీ నాణ్యతను అంచనా కట్టడానికి కనిపెట్టిన గణితపద్ధతిని 1908లో స్టూడెంట్ అనే మారుపేరుతో ప్రచురించాడు. నేటికీ ప్రపంచమంతటా విద్యార్థులు చదివే గణాంక పరీక్ష అదే. 1940లలో కార్ల్స్‌బర్గ్ పరిశోధకులు త్రిభుజ పరీక్షను రూపొందించారు: మూడు గ్లాసుల్లో రెండింటిలో ఒకే బీరు, ఒకదానిలో వేరే బీరు పోసి, వేరైనదేదో చెప్పమంటారు. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి సరిపోతుంది కనుక, అంతకు మించి సరిగా చెప్పినవారి లెక్కను బట్టి తేడా నిజంగా ఉందో లేదో తేలుతుంది. ఎన్ని పుస్తకాలు చదివిన రసికుడినైనా నేలమీదికి దించే పరీక్ష ఇది. 1970లలో మార్టెన్ మైల్‌గార్డ్ బీరులో తోచే వాసనలను, రుచులను 14 వర్గాలుగా ఒక చక్రంలో అమర్చాడు. వెన్న వాసన వస్తే డైఅసిటైల్, ఉడికిన మొక్కజొన్న వాసన వస్తే డైమిథైల్ సల్ఫైడ్, తడిసిన అట్టముక్క వాసన వస్తే బీరు పాతబడి గాలి సోకడం అని, పేరుకూ రసాయనానికీ ముడి పెట్టాడు. ఐరోపా, అమెరికా బ్రూవర్ల సంస్థలు దానిని ప్రమాణంగా తీసుకున్నాయి.

ఈ పరిభాషను సామాన్యుల చేతికి అందేలా మలచిన ఘనత ప్రధానంగా ఇంగ్లండు పాత్రికేయుడు మైకేల్ జాక్సన్‌కు దక్కుతుంది. పేరొక్కటే తప్ప పాటగాడితో ఆయనకు ఏ సంబంధమూ లేదు. 1977లో వచ్చిన ఆయన ప్రపంచ బీరు మార్గదర్శి గ్రంథం, దేశదేశాల బీర్లను వాటి పుట్టుక, పద్ధతి, రుచి ఆధారంగా శైలులుగా విభజించింది. అంతకు ఆరేళ్ళ ముందు, 1971లో, పీపాలోనే పక్వమయ్యే సంప్రదాయ ఏల్‌ను కాపాడడానికి బ్రిటన్‌లో కామ్రా అనే వినియోగదారుల ఉద్యమం మొదలైంది. జాక్సన్ పుస్తకం లేకుంటే బెల్జియం పల్లెల బీర్లు ఆ పల్లెలతోనే పోయేవని చెప్పడం కొంత అతి అయినా, బయటివారు వాటిని వెతుక్కుంటూ రావడానికి ఆయన రాతలు దారి వేశాయన్నది కాదనలేనిది. అయితే ఆ విభజనలోనే ఒక మార్పుకు బీజం ఉంది. శైలి అని పేరు పెట్టి, లక్షణాలు రాసిపెట్టాక, ఆ లక్షణాలను సాధించిన ప్రతి బీరూ ఆ శైలికి చెందుతుంది, ఊరేదైనా సరే.

అమెరికాలో జరిగింది అదే. ఫ్రిట్జ్ మేటాగ్ 1965లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మూతపడబోతున్న యాంకర్ బ్రూవరీని కొన్నాడు. నౌకాదళంలో పనిచేస్తూ స్కాట్లండులో ఏల్ రుచి మరిగిన జాక్ మెకాలిఫ్ 1976లో సొనోమాలో న్యూ ఆల్బియన్ బ్రూవరీని దాదాపు పాతసామానుతో కట్టాడు. అది ఆరేళ్ళకే మూతపడినా చిన్న బ్రూవరీ సాధ్యమేనని చూపింది. 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టం ఇంట్లో బీరు తయారీకి అనుమతించడంతో వంటిళ్ళలో ఒక తరం బ్రూవర్లు తయారయ్యారు. ఇంట్లో బీరు కాచినవారిలో ఒకడైన కెన్ గ్రాస్‌మన్ 1980లో ప్రారంభించిన సియెర్రా నెవాడా బ్రూవరీ, ఆరెగాన్‌లో అభివృద్ధి చేసిన కాస్కేడ్ హాప్స్‌ను ధారాళంగా వాడింది. పంపరపనస తొక్కను తలపించే ఆ వాసన ఇంగ్లండు పేల్ ఏల్‌కు అమెరికా ముఖాన్నిచ్చింది. అప్పట్లో వందకు లోపున్న బ్రూవరీలు నేడు తొమ్మిది వేలు దాటాయి.

పోటీలు పెరగడంతో తీర్పుకు నియమాలు కావలసి వచ్చాయి. 1985లో ఏర్పడిన బీజేసీపీ అనే న్యాయనిర్ణేతల సంస్థ ఒక్కో బీరుకు 50 మార్కులు కేటాయిస్తుంది: వాసనకు 12, రూపానికి 3, రుచికి 20, నోటిలో తోచే చిక్కదనానికి 5, మొత్తం ముద్రకు 10. రూపానికి మూడే మార్కులు ఇవ్వడం సమంజసం, ఎందుకంటే రంగు నాలుకను మోసగించడంలో దిట్ట. రుచి చూసే క్రమం కూడా స్థిరపడింది. సీసాల పేర్లు కనబడకుండా దాచి, తేలికైనదానితో మొదలుపెట్టి, చేదు, ఆల్కహాలు, వేపుడు మాల్టు ఎక్కువైనవాటిని చివరికి ఉంచుతారు. మధ్యలో ఉప్పులేని రొట్టెముక్కతో, మంచినీటితో నోరు శుభ్రం చేసుకుంటారు. మరీ చల్లగా ఉంటే వాసన లేవదు కనుక లాగర్‌ను చల్లగా, బలమైన ఏల్‌ను కొంత వెచ్చబడనిచ్చి పోస్తారు. వెలుతురు తగిలిన సీసాలో హాప్స్ చేదుపదార్థం విచ్ఛిన్నమై దుర్వాసన పుడుతుంది కాబట్టి ఆకుపచ్చ, తెల్ల సీసాల్లోని బీరును బ్రూవరీ తప్పుగా లెక్కించకుండా జాగ్రత్తపడాలి. దూరదేశపు బీరును స్థానిక బీరుతో పోల్చినప్పుడు జరిగే పెద్ద అన్యాయం ఇదే: పోలిక రెండు బ్రూవరీల మధ్య కాక, తాజా సరుకుకూ పాత సరుకుకూ మధ్య జరిగిపోతుంది.

ఊరి హక్కును చట్టంతో కాపాడుకున్న పట్టణాలు కొన్నే. కొలోన్ నగరపు బ్రూవరీలు 1986లో ఒప్పందం చేసుకుని, తమ తేట ఏల్ పేరును తమ ప్రాంతంలో తయారైనదానికే పరిమితం చేశాయి, 1997లో ఐరోపా సమాజం దానికి భౌగోళిక రక్షణ ఇచ్చింది. పిల్సెన్‌కు, బర్టన్‌కు ఆ భాగ్యం లేదు. ఉప్పు, ధనియాలు వేసి పులుపుగా చేసే లైప్‌జిగ్ గోజ్, 1960లలో పూర్తిగా అంతరించి 1980లలో తిరిగి పుట్టాక, ఇప్పుడు లైప్‌జిగ్‌లో కంటే అమెరికాలోనే ఎక్కువగా తయారవుతున్నది.

భారతదేశంలో ఈ అల గత రెండు దశాబ్దాల్లో వచ్చింది. 2009లో పుణె, ఆ తరవాత బెంగళూరు, 2015లో తెలంగాణ ప్రభుత్వం నియమావళి ప్రకటించాక హైదరాబాదు, మైక్రోబ్రూవరీలకు కేంద్రాలయ్యాయి. చాలా రాష్ట్రాల నిబంధనల ప్రకారం అక్కడి బీరును అక్కడే తాగాలి, సీసాలకెత్తి అమ్మడానికి వీలులేదు. కాబట్టి బెంగళూరు బీరును హైదరాబాదు బీరుతో పోల్చదలచినవారు రైలెక్కక తప్పదు. మాల్టు, హాప్స్, ఈస్టు చాలావరకు విదేశాల నుంచి దిగుమతి అవుతాయి. నీటిని వడపోసి ఖనిజాలు తొలగించి, కావలసిన శైలికి తగిన లవణాలు తిరిగి కలుపుతారు. పద్ధతిలో లోపమేమీ లేదు, పనితనం కూడా చాలాచోట్ల మెచ్చదగినదే; కాని బవేరియా గోధుమ బీరును చక్కగా అనుకరించడం ఒకటి, దక్కను జొన్నలతోనో రాగులతోనో ఇక్కడిదని చెప్పుకోదగిన శైలిని నిలబెట్టడం మరొకటి. బీజేసీపీ 2021లో సవరించిన శైలుల పట్టికకు అనుబంధంగా అర్జెంటీనా, బ్రెజిల్, ఇటలీ, న్యూజీలాండ్ దేశాల స్థానిక శైలులున్నాయి. ఆ పట్టికలోని శైలుల పేర్లలో ఇండియా అన్న మాట కనిపించేది పేల్ ఏల్ ముందు మాత్రమే, ఆ బీరు పుట్టింది ఇంగ్లండులో.